అడగని ఒక్క కార్డు

“నేను కాంట్రాక్టర్‌ను ఎప్పుడైన? ఇంట్ల ఎవరికన్న ఎరికుంటే చెప్పుండ్రి.”

సాయిలు ఈ మాట అనడం పొద్దుటి నుంచి ఇది నాలుగోసారి. మొదటిసారి గట్టిగా అరిచాడు. రెండోసారి వాకిట్లోకి వెళ్ళి, పక్కింటి భూదవ్వకు కూడా వినపడేలా అన్నాడు. మూడోసారి చల్లారిపోయిన చాయ్ గ్లాసుతో అన్నాడు. ఇప్పుడు మాత్రం గొంతు తగ్గించి, నిజంగానే ఎవరైనా చెబితే తెలుసుకుందామన్నట్టు అడిగాడు. ఆ మెల్లని గొంతుకే కోడలు నిహారికకు ఎక్కువ భయం వేసింది.

కామారెడ్డిలో మొదటి బస్సెక్కి, శ్రావణ్‌తో పాటు ఎల్లారెడ్డిలో దిగి, అత్తగారింట్లో కాలు పెట్టి గంట దాటింది. లింగంపేటలో బస్సు ఆగినప్పుడు శ్రావణ్ పరుగున దిగి కొనుక్కొచ్చిన ఉడకబెట్టిన పల్లికాయల పొట్లం కిటికీలో అలాగే ఉంది. దారంతా ఆ వెచ్చటి పొట్లాన్ని ఒళ్ళో పెట్టుకుని, కిటికీ పక్క సీటు తనకే వదిలేసిన మొగుణ్ణి ఓరకంట చూసుకుంటూ, ఇంత మంచి ఆదివారం మళ్ళీ రాదనుకుంటూ వచ్చింది. నిజమే, రాలేదు.

నులక మంచం మీద ఒక కాగితం ఉంది. గాలికి ఎగరకుండా దాని మీద సాయిలు కళ్ళద్దాల డబ్బా పెట్టాడు. పెద్ద దొంగను పట్టుకుని కట్టేసినట్టుంది ఆ కాగితం వాలకం.

శుక్రవారం నాడు బ్యాంకు నుంచి కబురు వస్తే, పాడి బర్రెల లోను మంజూరైందనుకుని సాయిలు తెల్ల అంగీ తొడుక్కుని వెళ్ళాడు. నాలుగు బర్లకు లోను. కొట్టం కట్టడం అయిపోయింది. గాంధారిలో బర్లాయనకు బయానా కూడా ఇచ్చాడు. బుధవారం దాకా ఆగుతానని ఆయన మాటిచ్చాడు. బ్యాంకులో ఆఫీసరు మాత్రం లోను మాట ఎత్తకుండా, ‘వ్యవసాయం తప్ప వేరే ఆదాయం లేదని దరఖాస్తులో రాశారు, మీ పాన్ కార్డు మీద చూస్తే కామారెడ్డిలో నాలుగు లక్షల పైచిలుకు కాంట్రాక్టు పని కనపడుతోంది, ఈ రెండింట్లో ఏది అబద్ధం’ అని అడిగాడట. వరసలో నిలబడ్డ పది మందీ విన్నారు. ‘కాంట్రాక్టర్ సాబ్, మాకు గూడ జర పని చూపియ్యరాదు’ అని ఎవడో వెనక నుంచి అన్నాడు. మంగళవారం లోపల రాతపూర్వకంగా సంజాయిషీ ఇవ్వకపోతే దరఖాస్తు వెనక్కి పంపిస్తామన్నారు.

తన పాన్ నంబరు మీద ఎవరెవరు ఎంత బిల్లుకు పన్ను కట్టారో చూపే ఆ కాగితాన్ని ఇంటర్నెట్ సెంటరులో అచ్చేయించి తెచ్చాడు. అంతా ఇంగ్లీషు. సాయిలు చదవగలిగింది తన పేరు ఒక్కటే.

“శ్రావణ్,” అన్నాడు సాయిలు.

“ఆఁ బాపు.”

“బండి సంగతి యాదికున్నదా?”

శ్రావణ్ మెడ వంగిపోయింది. డిగ్రీ రెండో ఏడులో ఉన్నప్పుడు తండ్రి కాగితాలు చెప్పకుండా తీసుకుపోయి, ఆయన పేరు మీద వాయిదాల్లో మోటారు సైకిలు కొన్నాడతను. రెండు వాయిదాలు తప్పేసరికి ఫైనాన్సు వాళ్ళు ఇంటి ముందుకొచ్చి కూర్చున్నారు. ఇంట్లో ఉన్న మక్కలన్నీ అమ్మి కట్టాడు సాయిలు. కొడుకును కొట్టలేదు, తిట్టలేదు. ఏడాది పాటు మాట్లాడలేదు, అంతే.

“ఉన్నది,” అన్నాడు శ్రావణ్.

“అప్పుడేమన్నవ్? మల్ల నీ కాగితం ముట్టనన్నవ్.”

“ముట్టలే బాపు.”

“మరి ఎవరు ముట్టిండ్రు? నేను గాక కామారెడ్డిల ఇంకో సాయిలు ఉన్నడా?”

తినుకుంటూ మాట్లాడుకోండని వంటింట్లోంచి సుగుణమ్మ పిలిచింది. ఎవరూ కదల్లేదు.

శ్రావణ్ కళ్ళద్దాల డబ్బా తీసి పక్కన పెట్టి కాగితం చేతిలోకి తీసుకున్నాడు. పై నుంచి వేలు పెట్టి ఒక్కో గీతా చదువుతూ కిందికి వస్తున్నాడు. ఆ వేలు ఎక్కడ ఆగబోతోందో నిహారికకు తెలుసు. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు, తెలియకుండానే ఆమె చెయ్యి మెడ దగ్గరకు పోయింది.

మంజీర మిత్ర బిల్డర్స్. ఊళ్ళో అందరూ దాన్ని నర్సింలు సార్ ఆఫీసనే అంటారు. అసలు పేరు బోర్డు మీద కూడా లేదు. బిల్లుల మీద ఉంటుంది, ఇదిగో ఇలాంటి కాగితాల మీద ఉంటుంది, నిహారిక మెడలో వేసుకునే ఆఫీసు కార్డు మీద ఉంటుంది. ఆ కార్డును రోజూ పొద్దున ఆమె మెడలో వేసేది శ్రావణే. ‘ఇది రెండో తాళి’ అని నవ్వుతూ వేసి, పట్టీ మెలిక తిరిగితే సరిచేసి గానీ డ్యూటీకి పోడు. అతను రక్త పరీక్షల సెంటరులో పని చేస్తాడు. చిన్న చిన్న అక్షరాలు చదవడం అలవాటు.

వేలు ఆ పేరు మీద ఆగింది.

శ్రావణ్ నిహారిక వైపు చూడలేదు. చూసి ఉంటే బాగుండేది. కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి మంచం మీద పెట్టాడు.

“నేనే బాపు,” అన్నాడు.

కళ్ళద్దాల డబ్బాను మళ్ళీ దాని మీద పెట్టాడు.

“దోస్తు ఒకడు అడిగిండు. వానికి కార్డు లేదు. నీ నంబరు ఇచ్చిన.”

సాయిలు కొడుకును చూశాడు. తిడతాడనుకుంది నిహారిక. తిడితే ఆ అరుపుల మధ్య తానూ ఒక మాట దూర్చి నిజం చెప్పేయవచ్చని కూడా అనుకుంది. ఆయన తిట్టలేదు. లేచి తువ్వాలు భుజం మీద వేసుకున్నాడు.

“నీ పెండ్లాం మొహం జూసి ఊకుంటున్న,” అని బర్లు లేని కొట్టం వైపు వెళ్ళిపోయాడు.

* * *

నిజం చెప్పాలంటే నిహారికకు తన పని అంటే పండగ.

దోమకొండ పిల్ల. కామారెడ్డిలో బీకాం చదివి, అక్కడే నర్సింలు సార్ కంపెనీ అకౌంట్స్‌లో చేరింది. కంపెనీకి ఇసుక తోలేవాళ్ళు, రంగులేసేవాళ్ళు, కరెంటు పని వాళ్ళు, ఎవరికి పైసలివ్వాలన్నా ముందు వాళ్ళ కాగితాలు తెప్పించి ఆకుపచ్చ ఫైల్లో పెట్టాలి. పాన్ కార్డు జిరాక్సు, బ్యాంకు పాసుబుక్కు మొదటి పేజీ, జీఎస్టీ లేకపోతే లేదని సంతకం చేసిన కాగితం. ఈ మూడూ ఉంటేనే బిల్లు కదులుతుంది. కార్డున్న వాళ్ళకు నూటికి ఒక రూపాయి పన్ను కోసి, ఆ రూపాయిని వాళ్ళ కార్డు నంబరు మీద సర్కారుకు కడతారు. కార్డు లేకున్నా తప్పనిసరై ఇవ్వాల్సి వస్తే నూటికి ఇరవై కోయాలి.

ఆ ఫైలు తిప్పడం ఆమెకెంతో ఇష్టం. పాన్ కార్డు ఫోటోల్లో ఎంత మంచివాడైనా తప్పించుకు తిరుగుతున్న వాడిలా కనిపిస్తాడు. ఇసుక ట్రాక్టరు మైసన్న తన కార్డును అగరొత్తుల డబ్బాలో దాచుకుంటాడు. ఆ జిరాక్సు తీసినప్పుడల్లా మల్లెపూల వాసన వేస్తుందని ఆమెకు అనుమానం. పాసుబుక్కు మర్చిపోయి వచ్చాడని అదే మైసన్నను మూడుసార్లు గాంధారి నుంచి తిప్పించింది. ‘అందరికీ ఒకటే రూలు మైసన్నా, కార్డు తెచ్చినవా, సంతకం ఇక్కడ పెట్టు’ అంది. అలా అన్నప్పుడు తన గొంతు తనకే ముచ్చటగా వినిపించేది.

పెళ్ళయిన పదిహేనో రోజున ఘనీ వచ్చాడు.

ఎల్లారెడ్డిలో గేట్లు, గ్రిల్లులు చేసే ఘనీ. మామగారికి చిన్ననాటి దోస్తు. కంపెనీ కడుతున్న బడికి కిటికీ గ్రిల్లులన్నీ ఆయనే చేశాడు. పాసుబుక్కు తెచ్చాడు, సంతకం పెట్టాడు, పాన్ కార్డు మాత్రం లేదు. దరఖాస్తు పెడితే ఆధార్‌కు వేలిముద్ర కావాలంటారు. ముప్పై ఏళ్ళు ఇనుము కాల్చిన వేళ్ళు. గీతలన్నీ ఎప్పుడో మాసిపోయాయి. ఎన్నిసార్లు పెట్టినా మిషను పట్టలేదు.

‘గీ వేళ్ళు నావే బిడ్డా, మిషనొక్కటే నమ్ముతలేదు’ అని నవ్వాడాయన.

కూతురు షిరీన్‌కు నర్సింగు సీటు వచ్చింది. ఫీజు గడువు నాలుగు రోజులు. నూటికి ఇరవై కోస్తే చాలదు. ఆ సాయంత్రం సుగుణమ్మ ఫోను చేసింది. ‘ఘనీ మనోడే బిడ్డా. జర సూడు’ అంది. అత్తగారు తనను అడిగిన మొట్టమొదటి పని అది. నిహారిక గుండె గాలిపటమైపోయింది.

ఫోనులో మామగారి పాన్ కార్డు ఫోటో ఉంది. అంతకు రెండు రోజుల ముందే, పెళ్ళి పందిరి ఇంకా విప్పకుండానే, ఆయన పక్కన కూర్చుని బర్ల లోను దరఖాస్తు తానే నింపింది. ‘వ్యవసాయం తప్ప వేరే ఆదాయం లేదు’ అని తన ముత్యాల్లాంటి అక్షరాలతో రాస్తే, మా కోడలి రాత చూడుండ్రని సాయిలు వాడకంతా చూపించాడు.

ఈ ఒక్క బిల్లుకే అనుకుంది. ఘనీ పేరు, ఘనీ బ్యాంకు ఖాతా, కార్డు నంబరు దగ్గర మాత్రం మామగారి పది అక్షరాలు. రేపో మాపో ఘనీ కార్డు వస్తుంది, దిద్దేస్తే సరి. ఒకరి కార్డు మీద ఇంకొకరు సిమ్ము తీసుకోవడం, ఒకరి పట్టా మీద ఇంకొకరు ఎరువు తెచ్చుకోవడం ఈ దిక్కున ఎవరూ తప్పనుకోరు. తానూ అనుకోలేదు. ఇంటి మనిషి కార్డే కదా, ఇంట్లో ఉప్పు డబ్బా తీసినట్టు తీసింది.

ఒక బిల్లు నాలుగు బిల్లులైంది. ఘనీ కార్డు రాలేదు. ఐదు నెలలు గడిచాయి.

బ్యాంకు ఆఫీసరు రెండింట్లో ఏది అబద్ధమని అడిగాడు. రెండూ ఆమె చేతిరాతలే.

* * *

వంటింట్లో సుగుణమ్మ జొన్నరొట్టె చేస్తోంది. పీట మీద పిండిముద్ద పెట్టి చేత్తో తట్టుతుంటే, రొట్టె దానంతటదే గుండ్రంగా తిరుగుతూ పెద్దదవుతోంది. మామూలు రోజైతే నిహారిక ఆ చప్పుడు కోసమే పక్కన కూర్చునేది.

“నువ్వన్న జర చెప్పకపోతివా బిడ్డా వానికి,” అంది సుగుణమ్మ. “గీ కాగితాల పనే గద నీది.”

నిహారిక కట్టెపుల్లను పొయ్యిలోకి తోసింది. మళ్ళీ వెనక్కి లాగింది.

తండ్రీకొడుకులు మాట్లాడుకోని ఆ ఏడాది ఎలా గడిచిందో సుగుణమ్మ చెప్పుకొచ్చింది. ఇద్దరికీ రెండు కంచాలు, రెండు వేళలు, మధ్యలో తాను. ఏ మాటైనా ఒకరు ఇంకొకరికి తనతోనే చెప్పించేవారట. పెళ్ళయ్యాక ఇల్లు మళ్ళీ ఇల్లయిందని, అది కోడలు కుడికాలు పెట్టిన వేళ అని వాడలో అందరితో చెప్పుకుందట. ఈ మాటలన్నీ నింపాదిగా, రొట్టె తట్టుతూనే చెప్పింది. బాగా పొంగిన రొట్టె తీసి, వెన్న రాసి కోడలి కంచంలో వేసింది.

“ఘనీ పని చెప్తే ఎంత సక్కగ జేసినవ్. గట్లుండాలె మనిషి. కాగితం పని కాగితం లెక్కనే.”

“అత్తమ్మా…”

“తిను. వాళ్ళ లొల్లి వాళ్ళది. నువ్వెందుకు కడుపు మాడ్చుకుంటవ్?”

అప్పుడే చెప్పాల్సింది. నాలుక చివర దాకా వచ్చింది కూడా. కానీ వెన్న కరిగి రొట్టె అంచుల మీదికి జారుతోంది, అత్తగారి పిండి చెయ్యి తన గడ్డం కింద ఉంది, ‘గట్లుండాలె మనిషి’ అన్న మాట ఇంకా వేడిగా ఉంది. ఒక్క నిమిషం, ఇంకొక్క నిమిషం ఆ మాటలో ఉండిపోవాలనిపించింది.

రొట్టె తుంచి నోట్లో పెట్టుకుంది.

* * *

శ్రావణ్ పెరట్లో బట్టలుతికే బండ మీద కూర్చున్నాడు. ఆమె వెళ్ళి ఎదురుగా నిలబడింది. చాలాసేపు ఇద్దరూ పక్కింటి భూదవ్వ కోళ్ళను చూశారు.

“ఎందుకన్నవ్ అట్ల?” అంది చివరికి.

“ఏమన్న?”

“నీకు తెలుసు.”

అతను చిన్న రాయి తీసి కోళ్ళకు దూరంగా విసిరాడు. ఎవరి బిల్లు అని అడిగాడు. చెప్పింది. ఫీజు సంగతి, వేళ్ళ సంగతి, అత్తమ్మ ఫోను సంగతి. తప్పు చిన్నదిగా కనపడేలా చెబుతున్నానని ఆమెకే తెలుస్తోంది. అతను మధ్యలో ఆపలేదు.

“నాకొక్క మాట చెప్పొద్దా నిహా? ఐదు నెలలు ఒక్క ఇంట్ల ఉన్నం.”

“దిద్దేస్త కదా అనుకున్న. నీకు చెప్తే నన్ను తెలివి తక్కువదనుకుంటవని…”

“మరి ఇప్పుడేమనుకుంటున్న?”

తాను వెళ్ళి మామయ్యతో చెప్పేస్తానంది. వద్దన్నాడు.

“బాపు నన్ను తిట్టుడు నాకు పాతదే. తిట్టించుకునుడు వస్తది నాకు. నీకది కొత్తయితది.”

అన్న తర్వాత చిన్నగా నవ్వాడు. ఆ నవ్వుకు ఆమె ఒళ్ళంతా తేనె పూసినట్టయింది. తన కోసం ఒక మనిషి తండ్రి ముందు దొంగగా నిలబడ్డాడు. ఇంత ప్రేమ ఎవరికి దొరుకుతుంది. ఆ సంతోషం వచ్చినంత వేగంగానూ దాని వెనకే సిగ్గు వచ్చింది. ఒక ఇంటిని రెండు ముక్కలు చేసి, ఆ ముక్కల మధ్య నిలబడి మురిసిపోతోంది తాను.

“మంగళవారం బ్యాంకుల ఏం చెప్తవ్?”

“ఏదో ఒకటి రాసిస్త.”

“అట్ల రాసిస్తే పోదు. కంపెనీ తప్పయిందని ఒప్పుకుని, నంబరు మార్చి, ఆ చీటీ బ్యాంకుకియ్యాలె. దానికి నర్సింలు సార్ సంతకం కావాలె. ఆయన ఎవరు చేసిండ్రని అడుగుతడు.”

“నౌకరి పోతదా?”

“పోవచ్చు.”

ఆకుపచ్చ ఫైలు, మైసన్న అగరొత్తుల వాసన, పొద్దున్నే మెడలో పడే కార్డు. అవన్నీ ఒక్కసారి కళ్ళ ముందు తిరిగాయి. వెంటనే మనసుకొక సందు దొరికింది.

“అయినా ఘనీ మామకు ఇంక కార్డే రాలే. ఏ నంబరని మారుస్తం? వచ్చేదాక ఆగాల్సిందే కదా.”

శ్రావణ్ ఆమె మొహంలోకి చూశాడు. ఆ మాటలోని ఊరట అతనికీ వినిపించినట్టుంది.

“ఆఁ,” అన్నాడు. “ఆగాల్సిందే.”

ఇద్దరూ మళ్ళీ కోళ్ళను చూశారు.

* * *

పగటి భోజనాల వేళకు వాకిట్లో సైకిలు గంట మోగింది.

ఘనీ వచ్చాడు. ఒక చేతిలో స్టీలు డబ్బా, అంగీ జేబులో ఏదో కవరు. కొట్టం దగ్గర మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని కూర్చున్న సాయిలును రెక్క పట్టి లేపుకుని లోపలికి తెచ్చాడు. ఆ కొట్టం గేటు చేసిందీ ఆయనే. కూలి ఇవ్వబోతే, మొదటి బర్రె ఈనినప్పుడు జున్ను పంపితే చాలన్నాడు.

“మిఠాయి తిను ముందు. మాటలు ఎనుక,” అని డబ్బా సుగుణమ్మకిచ్చాడు. “మా ఇంటామె జన్నత్ బీ పొద్దుగాల లేసి చేసింది వదినె. డబల్ కా మీఠా. ఇంట్ల పెండ్లయినా గింత నెయ్యి పొయ్యదు.”

సంగతేమిటని సుగుణమ్మ అడిగింది. ఘనీ జేబులోంచి కవరు తీసి, అందులోంచి కార్డు తీసి, అరచేతిలో పెట్టి అందరికీ చూపించాడు. వేళ్ళను పట్టని మిషను చివరికి కళ్ళను పట్టిందట. కామారెడ్డిలో ఒక సెంటరులో గడ్డం ఆనించి కూర్చోబెట్టి, రెప్ప కొట్టకుండా చూడమన్నారట. నెల కింద ఆధార్ సరయింది, నిన్న టపాలో పాన్ కార్డు వచ్చింది.

“ఫోటో చూడన్నా. నన్ను జూసి నేనే భయపడ్డ.”

ఎవరూ నవ్వలేదు. ఆయన అది గమనించకుండా నిహారిక వైపు తిరిగాడు. కవరులో అడుగున జాగ్రత్తగా మడిచిన ఇంకో కాగితం ఉంది.

“ఇగో కోడలు బిడ్డా, నువ్వడిగిన జిరాక్సు. సంతకం గూడ పెట్టిన. ఐదు నెలలకింద అడిగితివి, ఇయ్యాల తెచ్చిన. ఘనీ మాట తప్పడు.”

ఆమె చేతులు చాచింది. చాచకుండా ఎలా ఉంటుంది. ఎందరి దగ్గరో ఎన్నెన్నో జిరాక్సులు అందుకున్న చేతులు. ఈ ఒక్క కాగితం మాత్రం మోయలేనంత బరువుగా ఉంది. రెండు గంటల కింద పెరట్లో దొరికిన సందు, కళ్ళ ముందే మూసుకుపోయింది.

“కార్డు నిన్న వచ్చిందా?” అన్నాడు సాయిలు.

“నిన్ననే అన్నా.”

“మరి కంపెనీ బిల్లులు ఎప్పుడో వచ్చినయి గద నీకు. షిరీన్ ఫీజు కట్టిన్నాడు చెప్పినవ్.”

“వచ్చినయి. కోడలు బిడ్డ సూసుకున్నది.”

“ఎట్ల సూసుకున్నది?”

“గదంత నాకేమెరుక. సదువుకున్నోళ్ళ పని.”

సాయిలు మంచం మీద మడత పెట్టి ఉన్న కాగితాన్ని చూశాడు. తర్వాత ఘనీ కార్డును చూశాడు. ఆ తర్వాత కొడుకును. శ్రావణ్ నోరు తెరిచాడు. ఇంకో అబద్ధం రాబోతోందని నిహారికకు అర్థమైంది. అది కూడా తన కోసమే.

“మామయ్యా, నేనే.”

అనుకున్నంత కష్టం కాలేదు అనడం. అన్న తర్వాత నిలబడటమే కష్టమైంది.

“మీ కార్డు నంబరు ఘనీ మామ బిల్లులకు వేసింది నేను. నాలుగు బిల్లులకు వేసిన. ఘనీ మామకు తెల్వదు. శ్రావణ్‌కు గూడ తెల్వదు, పొద్దున కాగితం చూసినంక తెలిసింది. నన్ను కాపాడనీకి అబద్ధం చెప్పిండు.”

సుగుణమ్మ చేతిలోని గరిటె గిన్నె అంచు మీద ఆగిపోయింది. తాను చేసిన ఫోను గుర్తొచ్చిందేమో, గరిటె కింద పెట్టి కొంగుతో మొహం తుడుచుకుంది. ఘనీ తన కొత్త కార్డును వేడి ఇనుము పట్టుకున్నట్టు మంచం మీద వదిలేశాడు.

“యా అల్లా. నా కోసమా బిడ్డా? నన్నడిగితే ఆ ఇరవై కోసుకొమ్మని నేనే చెప్తుంటి గద,” అన్నాడు. ఆయన గొంతులో కోపం లేదు. మిఠాయి డబ్బా ఎందుకు తెచ్చానా అన్నట్టుంది.

సాయిలు కోడలి వైపు చూశాడు.

“మీ ఆఫీసుల కార్డు లేంది ఎవరి బిల్లు కదలదంట గద.”

“కదలదు మామయ్యా.”

“మైసన్నను మూడుసార్లు తిప్పినవంట. అంగట్ల కలిసి చెప్పిండు. మీ కోడలు గట్టిదే అన్నడు. నాకు శాతీ ఉబ్బింది.”

ఆమె తల దించుకుంది.

“అందర్ని అడిగినవ్. నన్నొక్కణ్ణి అడగలే.”

“మామయ్యా, ఇంటి మనిషే కదా అని…”

“అడిగితే ఇస్తుంటినో, ఇయ్యకపోతుంటినో. ఘనీకంటే ఇచ్చేటోణ్ణే కావచ్చు. గది గూడ నాకు ఎరుక కాకుండ జేసినవ్.”

తిడతాడనుకున్న మనిషి తిట్టకపోతే, ఆ తిట్లన్నీ మనమే తిట్టుకోవాల్సి వస్తుంది. నిహారిక అదే పనిలో ఉంది.

సాయిలు శ్రావణ్ వైపు తిరిగాడు.

“ముట్టలే అన్నవ్ పొద్దుగాల. నేను నమ్మలే.”

శ్రావణ్ తల ఊపాడు. తండ్రి వైపు చూడకుండానే, ఊకో బాపు అన్నాడు. ఆ రెండు మాటలకు సాయిలు మొహంలో ఏదో సడలింది, వెంటనే బిగుసుకుంది.

దీన్ని దిద్దాలంటే ఏం కావాలని కోడలిని అడిగాడు. కంపెనీ తప్పు ఒప్పుకోవాలని, సార్ సంతకం పెట్టాలని, ఘనీ కార్డు నంబరు వేయాలని ఆమె చెప్పింది. దానితో పాటు, ఆ బిల్లులు తనవి కావని సాయిలు కూడా కాగితం మీద సంతకం పెట్టి, పాన్ కార్డు జిరాక్సు జత చేయాలంది. సార్‌తో రేపే చెబుతానంది. ‘రేపే’ అన్న మాట మాత్రం జారనివ్వలేదు.

“రేపు ఫస్టు బస్సుకు నేను గూడ వస్త,” అన్నాడు సాయిలు.

“ఎందుకు బాపు?” అన్నాడు శ్రావణ్.

“నర్సింలు సార్‌తోని నాకు పని ఉన్నది.”

ఆ పనేమిటో చెప్పలేదు. లోపలి గదిలోకి వెళ్ళాడు. పెట్టె మూత చప్పుడైంది. తిరిగి వచ్చినప్పుడు శుక్రవారం నాటి తెల్ల అంగీ భుజం మీద ఉంది. ఉతకమని దాన్ని సుగుణమ్మ చేతిలో పెట్టాడు. ఇంకో చేతిలో ప్లాస్టిక్ కవరులో పాన్ కార్డు ఉంది. నిహారిక ఫోనులో ఇన్ని నెలలుగా ఉన్న ఫోటోకు అసలుది. ఇంత చిన్నదా అనిపించింది ఆమెకు.

సాయిలు ఆమె ముందు నిలబడ్డాడు.

“అడుగు,” అన్నాడు.

“మామయ్యా…”

“మైసన్నను అడిగినట్టె అడుగు. అందరికీ ఒకటే రూలు గద.”

కార్డు తెచ్చినవా, సంతకం ఇక్కడ పెట్టు. రోజుకు పదిసార్లు అనే మాటలే. తన గొంతు తనకే ముచ్చటగా వినిపించే మాటలే. పెదవులు కదిలాయి.

“మామయ్యా, మీ కార్డు…”

మిగతా మాట రాలేదు. వాకిట్లో ఘనీ సైకిలు ఎండలో మెరుస్తోంది. కిటికీలో పల్లికాయల పొట్లం తడి ఆరిపోయి ముడుచుకుంది. సాయిలు చెయ్యి చాచే ఉంది. కార్డు ఆ రెండు వేళ్ళ మధ్య ఉంది. ఆయన ఇవ్వలేదు, వెనక్కీ తీసుకోలేదు. ఆమె అడిగేదాకా అలాగే నిలబడేటట్టున్నాడు.